ఆలస్యంగా వచ్చేవాడికి ఒక గది



పోయిన వ్యాసంలో బెంగళూరుకు వచ్చే రైలు దారుల గురించి రాశాము. ఈసారి రైలు దిగిన తర్వాతి సంగతి. చదువు కోసం ఊరు దాటినవాడు, దేశం దాటినవాడు అనుకున్న రోజుకు చేరలేకపోతే, చేరినా మాట్లాడుకున్న గది చేజారితే, ఆ రాత్రి ఎక్కడ తల దాచుకున్నాడు? ఈ ప్రశ్నకు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన బెంగళూరుకూ, మన తెలుగువాళ్ళకూ వంతు ఉంది. చివర్లో సంఘం ముందు ఒక మాట పెడతాము. అందాకా ఓపికగా చదవండి. మా చదువు తమిళ మీడియం, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఎక్కడైనా వాక్యంలో తమిళం తొంగిచూస్తే సర్దుకోండి.

ముందు ఇంటి సంగతి. మోక్షగుండం గిద్దలూరు దగ్గరి ఊరు. అక్కడి నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. ఇంట్లో మాట తెలుగే. ఆ ఇంటి బిడ్డే విశ్వేశ్వరయ్య గారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు కోసం బెంగళూరు వచ్చి మేనమామ ఆసరాతో చదువుకుని, సెంట్రల్ కాలేజీలో బీఏ పూర్తి చేశారు. అప్పుడు మైసూరు రాజ్యంలో యూనివర్సిటీ లేదు, 1881లో ఆయన తీసుకున్న పట్టా మద్రాసు యూనివర్సిటీది. చేతిలో డబ్బు లేదు కాబట్టి ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఇంట్లోనే ఉన్నారు. భోజనానికి మాత్రం మేనమామ ఇంటికి నడిచి వెళ్ళేవారు. పడక ఒక చోట, అన్నం ఇంకో చోట. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివారు. కన్నంబాడి కట్టను అందరం చెప్పుకుంటాము. ఆ కట్టకు ముందు, పాఠం చెప్పి సంపాదించుకున్న ఒక పడక ఉందని తక్కువమంది చెప్పుకుంటారు.

ఆ కాలపు పేద విద్యార్థికి తిండికి ఒక ఏర్పాటు ఉండేది. వారాలు చేసుకోవడం. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు, అలా ఏడు ఇళ్ళు కుదిరితే వారం గడిచిపోతుంది. అయితే ఆ ఏర్పాటుకు కులం గిరి గీసి ఉండేది, గిరి బయట పుట్టినవాడికి ఆ ఏడు ఇళ్ళూ లేవు. పైగా వారాలు కుదిరినవాడికి అన్నం దొరికేదే కానీ పడుకునే చోటు దొరికేది కాదు. అరుగు, గుడి మంటపం, తెలిసినవాళ్ళ వసారా, అంతే. వానాకాలంలో అవి కూడా లేవు.

రైలు వచ్చాక ఈ కష్టం పెరిగిందే కానీ తగ్గలేదు. 1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంటుకు రైలు వచ్చింది. 1882 నాటికి మైసూరుకు మీటరుగేజి పడింది. 1890లలో హిందూపురం, గుంతకల్లు వైపు దారి తెరుచుకుంది. అనంతపురం పిల్లవాడికి బెంగళూరు ఒక్క రాత్రి దూరం అయింది. కానీ బ్రాడ్‌గేజి బండిలో వచ్చేవాడు గుంతకల్లులో దిగి మీటరుగేజి బండి ఎక్కాలి. మొదటి బండి గంట ఆలస్యమైతే రెండోది వెళ్ళిపోతుంది. మేము 1980లో ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఈ తంతు నడుస్తూనే ఉంది. తప్పిన కనెక్షనుకు టికెట్టు మీద రాసి ఇవ్వడం మేము రోజూ చేసిన పని. టికెట్టు మీద మేము రాసిన రాత చూసి పై బండి వాడు ఎక్కించుకుంటాడు. బాడిగ ఇంటి యజమాని ఆ రాతను చూడడు కదా.

ఈ సంగతి బాగా అర్థం చేసుకున్న మనిషి గుబ్బి తోటదప్ప. తుమకూరు వైపు గుబ్బిలో 1838లో పుట్టి, బెంగళూరు మామూలుపేటలో వ్యాపారం చేసి సంపాదించారు. సంతానం లేదు. 1897లో రైల్వే వారి దగ్గరే, స్టేషనుకు ఎదురుగా స్థలం కొన్నారు. 1903లో అక్కడ ధర్మఛత్రం తెరిచారు, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు వారే వచ్చి ప్రారంభించారు. తర్వాత పేద విద్యార్థులకు ఉచిత హాస్టలు కూడా పెట్టారు. 1910లో ఆయన పోయారు, ఛత్రం మాత్రం ఉంది. మెజెస్టిక్‌లో దిగినవాళ్ళలో ఆ పేరు వినని వాళ్ళు తక్కువ.

అక్కడ చూడవలసింది చోటు. ఆయన స్టేషను ఎదురుగానే కొన్నారు. ఎందుకంటే అర్ధరాత్రి దిగినవాడు చీకట్లో వెతుక్కుంటూ పోలేడు. రైలు కట్టినవాళ్ళకు కూడా ఇది తెలుసు. బండి టైముకు వస్తుందని బోర్డు పెట్టారు, పక్కనే వెయిటింగ్ రూము కూడా కట్టారు. ఆలస్యం జరుగుతుందని ముందే ఒప్పుకుని, దానికి ఒక గది కేటాయించారు. మాకు తెలిసిన రైల్వే జ్ఞానంలో గొప్పది ఇదే.

ఆ తర్వాత ఒక్కొక్క సముదాయమూ మేలుకొంది. 1906లో ఒక్కలిగర సంఘం, 1907లో రెడ్డి జన సంఘం బెంగళూరులో పుట్టాయి. పల్లె నుంచి వచ్చే పిల్లలకు చదువు, ఉండే చోటు అన్న ఆలోచన ఈ సంఘాల వెనక ఉంది. హైదరాబాదులో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టలు పెట్టించారు. ఇవి కులం పేరుతో పుట్టాయన్నది నిజం, దాన్ని దాచనక్కర్లేదు. గది లేక చదువు ఆగకూడదన్న దిగులుతో పుట్టాయన్నదీ అంతే నిజం.

ఇక సముద్రం దాటుదాము.

1888లో గాంధీ గారు లండను చదువుకు బొంబాయి చేరితే, జూన్, జూలైలలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, మొదటి ప్రయాణం కాబట్టి నవంబరు దాకా ఆగమని స్నేహితులు చెప్పారు. ఈలోపు కులపెద్దలు వెలివేశారు. చివరికి సెప్టెంబరు 4న ఓడ ఎక్కారు. దిగింది శనివారం. ఒంటి మీద తెల్ల ఫ్లానెల్ సూటు, పెట్టెలన్నీ ఏజెంటు దగ్గర. మర్నాడు ఆదివారం, సామాను రాదు. ఖరీదైన హోటల్లో దిగి, బిల్లు చూసి బెదిరిపోయి, ఓడలో పరిచయమైన ఒక సింధీ ఆయన చూపిన గదులకు మారారు. అక్కడా కుదురుకోలేదు. డాక్టర్ ప్రాణజీవన్ మెహతా వచ్చి చూసి, ఒక స్నేహితుడి ఇంట్లో పెట్టించారు. సామాను ఆలస్యం, హోటలు ఖర్చు, గది మార్పు, చివరికి మన మనిషి ఒకడు ఆదుకోవడం. ఈ రోజు మన పిల్లలు ఫోనులో చెప్పే కథ అక్షరం మారకుండా ఇదే.

లండనులో మనవాళ్ళకు గది ఇవ్వని ఇళ్ళు చాలా ఉండేవి. అందుకే 1905 జూలై 1న శ్యామ్‌జీ కృష్ణవర్మ హైగేట్‌లో ఇండియా హౌస్ తెరిచారు. అది మొదట విద్యార్థుల హాస్టలు, తర్వాతే విప్లవకారుల ఇల్లు. తమిళ బడిలో మేము వ.వె.సు. అయ్యర్ గారిని చిన్నకథకు పితామహుడని చదువుకున్నాము. బారిస్టరు చదువుకు వెళ్ళిన ఆయన ఉన్నది ఆ ఇంట్లోనే, సావర్కరు స్నేహం కుదిరిందీ అక్కడే. ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1909లో కర్జన్ వైలీ హత్య జరిగాక ఆ ఇల్లు మూతపడింది. 1910లో సర్కారు అండతో 21 క్రామ్‌వెల్ రోడ్డులో ఒక ఇల్లు వచ్చింది. అక్కడ కొత్తగా దిగిన విద్యార్థికి కొన్నాళ్ళు పడక, కబురు చెప్పే ఆఫీసు. నిఘా కూడా ఉందని విద్యార్థులకు అనుమానం. అయినా దిగిన రాత్రికి కప్పు కావాలి కదా, అందుకని వెళ్ళేవారు.

1914 మార్చి 17న మద్రాసులో నెవాసా ఓడ ఎక్కిన శ్రీనివాస రామానుజన్ ఏప్రిల్ 14న లండను చేరారు. రేవుకు కారు తీసుకుని ఎదురువచ్చింది గణిత పండితుడు నెవిల్. మొదటి రాత్రులు ఆ క్రామ్‌వెల్ రోడ్డు ఇంట్లోనే. తర్వాత కొన్ని వారాలు కేంబ్రిడ్జిలో నెవిల్ దంపతుల ఇంట్లో. ఆ తర్వాతే కాలేజీ గది. హార్డీ గారి పేరు అందరికీ తెలుసు. ఉత్తరాలకు జవాబు రాయడం గొప్పే, కానీ రేవుకు వెళ్ళి నిలబడి, ఇంటికి తీసుకుపోయి కొన్ని వారాలు ఉంచుకున్న నెవిల్‌ను కూడా తలుచుకోవాలి.

ఇప్పుడు మన రైల్వేవాళ్ళ పెద్దాయన. వరాహగిరి వెంకటగిరి గారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. మూడేళ్ళు బాగానే సాగింది. 1916 ఏప్రిల్‌లో ఐర్లాండులో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటుదారులతో సంబంధం ఉందన్న అనుమానంతో జూలై 1లోగా దేశం విడిచి వెళ్ళాలని గిరి గారికి నోటీసు వచ్చింది. చేతిలో సుమారు నెల రోజులు. అది ఎలాంటి కాలమో చూడండి. అంతకు ఆరు నెలల ముందే, 1915 డిసెంబరు 30న, బొంబాయికి వస్తున్న పర్షియా ఓడను జర్మన్ జలాంతర్గామి క్రీటు దగ్గర ముంచేసింది. మూడు వందల మందికి పైగా పోయారు. ఉండనివ్వరు, వెళ్ళే దారి భద్రం కాదు. అలా తిరిగి వచ్చిన మనిషి తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు, అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషనుకు పెద్దదిక్కు అయ్యారు. 1965 నుంచి 1967 దాకా మన మైసూరు రాష్ట్రానికే గవర్నరు, తర్వాత రాష్ట్రపతి. ఇల్లు ఖాళీ చెయ్యమన్న కాగితం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే కూలివాడి పక్షాన నిలబడ్డారని మేము అనుకుంటాము. అది మా ఊహే, ఆయన రాసిన మాట కాదు.

లండనులో 1920లో ఇంకో తలుపు తెరుచుకుంది. సేలంలో పుట్టిన కె.టి. పాల్ గారి చొరవతో భారత విద్యార్థుల వైఎంసీఏ హాస్టలు మొదలైంది. యుద్ధకాలంలో న్యూజిలాండు సైనికుల విడిదికి కట్టిన షెడ్డులో. మూడేళ్ళకు వేరే భవనానికి మారింది. 1940లో బాంబు పడి అది కూలింది. 1953లో ఫిట్జ్‌రాయ్ స్క్వేరులో కొత్త భవనం లేచింది, నేటికీ నడుస్తోంది. బాంబు పడినా మళ్ళీ కట్టారు చూడండి, అదే సంఘం అంటే.

అమెరికాలో మొదలు ఇంకా చిన్నది. 1909లో న్యూయార్కులో హ్యారీ ఎడ్మండ్స్ అనే ఆయన కొలంబియా యూనివర్సిటీ మెట్ల మీద ఒక చైనా విద్యార్థిని దారిలో పలకరించాడు. ఆ కుర్రవాడు ఆగి, ఈ ఊరికి వచ్చి మూడు వారాలైంది, తనతో మాట్లాడిన మొదటి మనిషి మీరేనన్నాడట. ఆ ఒక్క మాట ఎడ్మండ్స్‌ను నిద్రపోనివ్వలేదు. 1924లో అక్కడ ఇంటర్నేషనల్ హౌస్ లేచింది. 1930లో కాలిఫోర్నియా బర్క్లీలో రెండోది కడుతుంటే, అన్ని రంగుల వాళ్ళూ ఒకే కప్పు కింద ఉండడమేమిటని ఊరివాళ్ళు ఎనిమిది వందల మందికి పైగా మీటింగు పెట్టి ఎదిరించారు. ఇళ్ళు బాడిగకు ఇచ్చేవాళ్ళు అందులో ముందున్నారు. అయినా కట్టారు.

మన ఊరి మాటకు వస్తే, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూటులో పని చేసిన రాజేశ్వరి ఛటర్జీ గారు, స్వాతంత్ర్యం రాకముందు 1947 జూలైలో, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో మిషిగన్ యూనివర్సిటీకి ఓడ ఎక్కారు. పెళ్ళి కాని ఆడపిల్ల ఒంటరిగా నెల రోజుల ప్రయాణం. ఆ ఏడు అమెరికా కాలేజీలు కిటకిటలాడుతున్నాయి. 1944 చట్టంతో యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు చదువు ఉచితం, 1947లో కాలేజీ విద్యార్థుల్లో సుమారు సగం మంది వాళ్ళే. సైనిక బారకాసులను, చక్రాల ఇళ్ళను కూడా హాస్టళ్ళుగా మార్చారు. అంత ఇరుకులో చదివి తిరిగి వచ్చి, ఆమె ఇక్కడే మైక్రోవేవ్ పరిశోధనకు పునాది వేశారు.

తర్వాతి తరం కష్టం డబ్బు రూపంలో వచ్చింది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలైంది. అక్కడ గది బాడిగ ఒక్క సెంటు పెరగలేదు, ఇక్కడ పంపే తండ్రికి మాత్రం ఒక్క రాత్రిలో నూటికి 57 రూపాయలు ఎక్కువైంది. 1967లో సూయజ్ కాలువ మూతపడింది, ఎనిమిదేళ్ళు తెరవలేదు. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. విమానంలో వెళ్ళినవాడికి జేబులో విదేశీ డబ్బు ఎనిమిది డాలర్లు. విమానం ఆలస్యమై, తీసుకువెళ్ళవలసినవాడు ఎదురుచూసి వెళ్ళిపోతే, ఎనిమిది డాలర్లకు హోటలు రాదు. టెలిఫోను డైరెక్టరీ తెరిచి రావు, రెడ్డి, నాయుడు అని మన పేర్లు వెతికి ఫోను చేసిన కథలు ఆ తరం వాళ్ళు ఎంతమంది చెబితే వినలేదూ? 1977లో తానా మొదలయ్యే నాటికి దాని పని సగం అప్పటికే ఆ ఫోన్లలో జరుగుతూ ఉంది.

ఇప్పుడు అన్నీ ఫోనులోనే బుక్ చేసుకోవచ్చు కదా అంటారు. 2020 మార్చి 10న హార్వర్డ్ యూనివర్సిటీ తన విద్యార్థులకు ఐదు రోజుల్లో హాస్టళ్ళు ఖాళీ చెయ్యాలని చెప్పింది. మార్చి 22 నుంచి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగాయి. ఉండడానికి గది లేదు, రావడానికి విమానం లేదు. వందే భారత్ విమానాలు మొదలైంది మే నెలలో. మధ్యలో ఆరు వారాలు. 1916లో గిరి గారికి నెల రోజుల గడువైనా ఇచ్చారు. 2022లో నెదర్లాండ్స్‌లో కొన్ని యూనివర్సిటీలు, గది దొరకనివాళ్ళు దయచేసి రావద్దని సీటు ఇచ్చిన విద్యార్థులకే రాశాయి. గిరి గారు చదివిన డబ్లిన్‌లో ఈ రోజు సీటు కంటే గది దొరకడమే కష్టం.

మా ఇంటి సంగతీ ఒకటి. మా అన్నగారి మనవరాలు మొన్న సెప్టెంబరులో యూరప్‌లో ఒక ఊరికి చదువుకు వెళ్ళింది. మధ్యలో మారాల్సిన విమానం తప్పింది, రెండు రోజులు ఆలస్యం. తాళం తీసుకునే గడువు దాటిందని గది ఇంకొకరికి ఇచ్చేశారు, కట్టిన అడ్వాన్సు తిరిగి రావడానికి మూడు నెలలన్నారు. రాత్రి పదకొండు గంటలకు పిల్ల రెండు పెట్టెలతో బస్టాండులో కూర్చుంది. ఇక్కడ తెల్లవారుజామున మా ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ. మదనపల్లె వాళ్ళెవరో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, స్నేహితుల స్నేహితుల ద్వారా కబురు అంది కారులో వచ్చారు. నాలుగు రాత్రులు హాల్లో పరుపు వేసి పెట్టుకున్నారు. రసం అన్నం పెట్టారు. డబ్బు ఇస్తామంటే కోపగించుకున్నారు. వాళ్ళు మనకు నెవిల్ దంపతులు.

ఇంత చరిత్రలో మాకు ఒకే వరస కనబడుతోంది. ఓడ కంపెనీ, విమానం కంపెనీ చేర్చే దాకానే బాధ్యులు. కాలేజీ బాధ్యత రిజిస్టరులో పేరు రాసుకున్నాక మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య రెండు మూడు రాత్రులున్నాయి, వాటికి ఎవరూ బాధ్యులు కారు. ఆ రాత్రులను నిలబెట్టింది ఎప్పుడూ ఒక మనిషో, ఒక ఛత్రమో, ఒక సంఘమో.

అందుకే సంఘం ముందు మా మాట. మన భవనం మేడమీద గదులు పెళ్ళిళ్ళకు బాడిగకు ఇస్తున్నాము. అందులో రెండు గదులు ఏడాది పొడుగునా బుకింగులో పెట్టకుండా ఉంచాలి. అనంతపురం, చిత్తూరు, కోలారు, హోసూరు వైపుల నుంచి కాలేజీల్లో చేరడానికి వచ్చేవాళ్ళకు, వీసా పని మీదో విమానం కోసమో వచ్చి చిక్కుకున్నవాళ్ళకు, మూడు రాత్రులు, బాడిగ లేకుండా. కాలేజీ కాగితం చూపాలి, రిజిస్టరులో రాయాలి. కులం అడగకూడదు. నూరేళ్ళ కిందటివాళ్ళు గీసిన గిరి మనం మళ్ళీ గీయనక్కర్లేదు. రెండోది, విదేశాల్లో ఉన్న మన పిల్లల్లో మూడు రాత్రులు ఒకరిని ఉంచుకోగలవాళ్ళు ఎవరో వాళ్ళనే అడిగి, ఒప్పుకున్నవాళ్ళ పేర్లతో ఊరివారీగా ఒక పుస్తకం రాసి కార్యదర్శి దగ్గర ఉంచాలి.

కోశాధికారి గారి అభ్యంతరం మాకు తెలుసు. లగ్నాల నెలల్లో ఆ రెండు గదుల బాడిగ పోతుంది. నిజమే. దుర్వినియోగం చేసేవాళ్ళూ ఒకరిద్దరు వస్తారు. అదీ నిజమే. వెయిటింగ్ రూములో టికెట్టు లేనివాళ్ళు కూడా పడుకుంటారు, అందుకని రైల్వే వెయిటింగ్ రూములు ఎత్తేయలేదు. తనిఖీకి ఒక మనిషిని పెట్టింది. ఆ రిజిస్టరు పని మొదటి ఏడాది మేము చూసుకుంటాము. ముప్పై ఎనిమిదేళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి, ఇంకొకటి రాయగలదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాము. ఒప్పుకునేవాళ్ళూ రండి, కాదనేవాళ్ళు తప్పకుండా రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో మొదట ఊరు దాటి చదివినవాళ్ళు మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారో అడిగి తెలుసుకుని రండి. లెక్కలు ఆ తర్వాత మాట్లాడుకుందాము.